దొరగారి టోపీ, మిరపచేను చొక్కా

మొన్న మార్చి నెలలో గుంటూరు వైపు కారులో వెళుతున్నాం. రోడ్డు వారగా మిరపచేలో ఆడవాళ్ళు కాయలు కోస్తున్నారు. చీరల మీద మగవాళ్ళ పొడుగు చేతుల చొక్కాలు, తలలకు తువ్వాళ్ళు. "ఇంత ఎండలో చీర చాలదని పైన చొక్కా కూడానా అత్తా!" అంది మా మేనకోడలు. అది వేసుకున్నదేమో చేతుల్లేని పల్చటి తెల్ల కుర్తా. పైగా మోచేతుల దాకా ఎర్రగా కమిలి ఉంది, పాపం.

నాకు నవ్వొచ్చింది. ఎండకు ఏ గుడ్డ కట్టాలి అన్న ఈ ఒక్క ప్రశ్న మీద ఒకప్పుడు ఎంతమంది పెద్ద పెద్ద డాక్టర్లు బుర్రలు బద్దలు కొట్టుకున్నారో దానికేం తెలుసు?

తెల్లదొరలు మన దేశంలో ఉన్నన్నాళ్ళూ దోమ తర్వాత అంతగా భయపడింది సూర్యుడికే. ఎండలో ఏవో కిరణాలున్నాయనీ, అవి నడినెత్తిలోంచీ వెన్నెముకలోంచీ లోపలికి దూరి మనిషిని పడేస్తాయనీ వాళ్ళ నమ్మకం. అందుకే ఆ టోపీ. పాత ఫొటోల్లో కలెక్టరు దొరల నెత్తిన చూసే ఉంటారు. మనం దాన్ని సోలార్ టోపీ అంటాం గానీ, ఆ పేరుకూ సూర్యుడికీ సంబంధమే లేదు. చెరువుల్లో, చిత్తడి నేలల్లో పెరిగే సోలా అనే మొక్క బెండుతో చేసేవారు కనక అది సోలా టోపీ. ఇంగ్లీషు నోళ్ళలో పడి సోలార్ అయింది. నిజం చెప్పాలంటే టోపీ మంచిదే. తేలిక, నీడనిస్తుంది. తమాషా అంతా దాని కింద ఉంది. చొక్కా వీపున వెన్నెముక పొడుగునా దూది కుట్టిన మెత్త ఒకటి గుండీలు పెట్టి తగిలించుకునేవారు! మన మే నెలలో, వీపున బొంత కట్టుకుని తిరగడం ఊహించుకోండి.

ఇరవయ్యో శతాబ్దం మొదట్లో లూయీ సాంబన్ అనే ఉష్ణదేశ వ్యాధుల డాక్టరు ఇంకో ఉపాయం చెప్పాడు. ఫొటోలు కడిగే చీకటి గదిలో ఎర్రదీపం పెట్టుకున్నా ఫిలిం పాడవదు కదా, అలాగే ఎర్రటి గుడ్డ చాటున ఉంటే చర్మమూ పాడవదని ఆ రోజుల్లో ఒక వాదం. అలా పుట్టిందే సోలారో గుడ్డ. పైకి ఖాకీ, లోపల ఎరుపు. ఫిలిప్పీన్స్‌లో అమెరికా సైన్యం మరో అడుగు ముందుకు వేసి, సిపాయిలకు నారింజ ఎరుపు లోదుస్తులే తొడిగి చూసింది. 1910లో నివేదిక వచ్చింది. లాభం ఏమీ కనిపించలేదు సరిగదా, ఉక్క ఎక్కువైందని సిపాయిలు గోల పెట్టారట!

అయితే ఆ డాక్టర్లను మరీ వెక్కిరించకండి. వాళ్ళది సగం తప్పే. వడదెబ్బ కొట్టేది కిరణం కాదు, ఒంట్లో పోగుపడే వేడి. చర్మాన్ని కమిల్చేదీ, ముడతలు తెప్పించేదీ, కొందరికి చర్మ కాన్సర్ దాకా లాగేదీ మాత్రం కంటికి కనిపించని అతినీలలోహిత కిరణం. ముదురు రంగు గుడ్డ ఆ కిరణాన్ని నిజంగానే ఆపుతుంది. రెండు శత్రువులను ఒకటే అనుకోబట్టి దొరలకు మెత్తలు, ఉక్క మిగిలాయి.

ఈ లెక్క తేలడానికి చాలా కాలం పట్టింది. 1996లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలు కలిసి బట్టలకు ఒక కొలత పెట్టాయి. పేరు యు.పి.ఎఫ్. ఈ అంకె 50 అంటే, మీద పడిన కిరణాల్లో యాభయ్యో వంతే లోపలికి దిగుతుందన్నమాట. పల్చటి తెల్ల నూలు బనీను పదికి కూడా చేరదు. తడిస్తే ఇంకా అన్యాయం. నేత దట్టంగా ఉండాలి, అదీ అసలు సంగతి. గుడ్డను దీపానికి అడ్డం పెట్టి చూడండి, వెలుతురు ఎంత వస్తే ఎండా అంత వస్తుంది. చలువ చేసిన తెల్లటి నూలుకన్నా, చలువ చెయ్యని ముతక నూలు నయం. కొత్త నూలు గుడ్డ నాలుగు ఉతుకులు పడి దగ్గరకు ముడుచుకుంటే మరీ నయం. పాలియెస్టరు కిరణాన్ని బాగానే ఆపుతుంది గానీ, చెమట సంగతి మీకు నేను చెప్పాలా?

మరి దట్టమైన గుడ్డ ఉక్క పొయ్యదా అంటారు. వదులుగా ఉంటే పొయ్యదు. సినాయ్ ఎడారిలో బెదూయిన్లు నల్లటి అంగీలు ఎందుకు తొడుగుతారని కొందరు శాస్త్రజ్ఞులు కొలిచి చూసి 1980లో ప్రకటించారు. నల్ల అంగీ వేడెక్కినా, ఆ వేడి లోపలి వదులులో ఆడే గాలితో పోతుంది. చర్మం దాకా వచ్చేసరికి నలుపుకీ తెలుపుకీ తేడా లేదు!

ఇదంతా కారులో చెబుతుంటే మేనకోడలు ఆవలించింది. మంచినీళ్ళ కోసం ఆగినప్పుడు, గట్టు మీద కూర్చున్న ఒక పెద్దావిణ్ణి తనే అడిగింది, "చొక్కా ఎందుకమ్మా?" అని.

"కాయల మంటొకటి, ఎండొకటి" అందావిడ. "పల్చటిదేసుకుంటే ఎండ లోపలికి దిగుద్దమ్మాయ్. ఇది మా ఆయనది. ఉతికి ఉతికి దళసరయింది. వీపు కాడ మాత్రం అరిగిపోయింది, అక్కడే కాలుద్ది." వెనక్కి తిరిగి చూపించింది. భుజాల మధ్య వేరే రంగు గుడ్డ ముక్క, చుట్టూ చేతికుట్టు. "అందుకని ఈ ముక్కేశా."