నాలుక కోసేసిన వాళ్ల కథ ఎవరు రాశారు?

పోస్ట్ కొంచెం పొడుగు, ఓపిగ్గా చదవండి. తప్పులుంటే పెద్దవాళ్లు సరిచేయండి.

పోయిన ఆదివారం మా ఏలూరు హాస్టల్ రూమ్‌లో నలుగురం కలిసి ఒక లాప్‌టాప్‌లో 'సెంచూరియన్' అనే ఇంగ్లీషు సినిమా చూశాం. నీల్ మార్షల్ తీసింది, 2010లో వచ్చింది. కథ క్రీస్తు శకం 117లో, ఇప్పటి స్కాట్లాండ్ కొండల్లో జరుగుతుంది. రోమన్ సైన్యంలోని తొమ్మిదో దళం పిక్టులు అనే కొండజాతి మీదకి వెళ్తుంది. పొగమంచు నిండిన అడవిలో పిక్టులు పైనుంచి మంటల బంతులు దొర్లించి దళాన్ని మట్టుపెడతారు. బతికిన కొద్దిమంది సైనికులు పారిపోతుంటే ఏతేన్ అనే పిక్టు ఆడమనిషి అడుగుజాడలు పట్టుకుని వెంటాడుతుంది. రోమన్లు ఆమె ఇంటివాళ్లని చంపి, ఆమె నాలుక కోసేశారు. అందుకే సినిమా మొత్తంలో ఆమె ఒక్క మాట కూడా మాట్లాడదు. కథ చెప్పేదేమో రోమన్ సైనికుడు.

రూమ్‌లో అందరూ సైనికులు తప్పించుకోవాలని చూస్తున్నారు. నేను మాత్రం అడవి వాళ్ల వైపు ఉన్నాను. మాది బుట్టాయగూడెం మండలం, కోయ కుటుంబం. మా ఇంట్లో కాలేజీ గుమ్మం ఎక్కింది నేనే మొదలు. అడవిలో తుపాకీ పట్టుకుని ఎవరైనా ఎవరినైనా వెంటాడుతుంటే నాకు మా తాత చెప్పిన మాటలే గుర్తొస్తాయి.

సినిమా అయ్యాక పిక్టుల గురించి వెతికాను. మొదట తెలిసింది ఏంటంటే, 'పిక్టు' వాళ్లు పెట్టుకున్న పేరని చెప్పడానికి లేదు. లాటిన్‌లో దాని అర్థం రంగులు పూసుకున్నవాళ్లు. ఆ పేరు రాతలో మొదట కనిపించేది 297లో, అంటే సినిమా కథ జరిగిన 180 ఏళ్ల తర్వాత. అంతకుముందు అదే కొండల్లో జరిగిన ఒక యుద్ధంలో కాల్గాకస్ అనే నాయకుడు తన వాళ్లతో మాట్లాడిన గొప్ప ప్రసంగం ఉంది. కానీ అది రాసినవాడు టాసిటస్ అనే రోమన్. ఆ యుద్ధం గెలిచిన సేనాపతికి సొంత అల్లుడు. పైగా తొమ్మిదో దళం నిజంగా స్కాట్లాండ్‌లోనే పోయిందా అన్నది కూడా తేలలేదు. ఆ దళం ముద్ర ఉన్న పెంకులు నెదర్లాండ్స్‌లో దొరికాయి. అడవి వాళ్లు ఎంతమంది చచ్చారో, వాళ్ల పేర్లేంటో చెప్పే కాగితం మాత్రం లేదు.

మా రూమ్మేట్ ఒకడిది కైకలూరు వైపు, కొల్లేరు పక్క ఊరు. వాళ్లు ఎరుకల. ఈ పేరు సంగతి చెప్తే వాడు, "మాకూ పెట్టారుగా బావా ఒక పేరు" అన్నాడు. నిజమే. బ్రిటిష్ వాళ్లు నేరస్థ జాతుల చట్టం పెట్టి, అందులో ఎరుకల వాళ్లని చేర్చారు. పుట్టిన బిడ్డ కూడా పోలీసు లెక్కలో దొంగే. ఆ మచ్చ చట్టంలో తీసేయడానికి 1952 దాకా పట్టింది. జనం నోట్లోంచి ఇంకా పూర్తిగా పోలేదు.

మన కొండల పోరాటాలకి కూడా అలాగే ఒక పేరు పెట్టారు. పితూరీ. రంపా పితూరీ, గూడెం పితూరీ అని ఫైళ్లలో రాసుకున్నారు. ఇవాళ తెలుగులో పితూరీ అంటే చాడీలు చెప్పడం. 1879లో రంపలో కల్లు చెట్ల పన్ను మీద, ముఠాదార్ల మీద జరిగిన జులుం మీద తిరగబడిన కారం తమ్మన్నదొర చేసింది చాడీలు చెప్పడం కాదు కదా.

ఇప్పుడు మన జిల్లాకి వస్తాను. పోలవరం దగ్గర, గోదావరి ఒడ్డున కోరుటూరు ఉంది. అక్కడి కొండరెడ్ల నాయకుడు కారుకొండ సుబ్బారెడ్డి 1858లో కంపెనీ వాళ్ల మీద తిరగబడ్డాడు. ఉత్తరాదిన నానాసాహెబ్ గెలుచుకుంటూ వస్తున్నాడన్న వార్త ఈ కొండల దాకా వచ్చిందని ఆయన వాంగ్మూలం చెబుతుంది. ఆ ఏడాది అక్టోబరులో ఆయన్ని బుట్టాయగూడెంలో ఉరితీశారు. తోటివాళ్లలో కొందరిని పోలవరంలో వేలాడదీశారు. ఆయన శవాన్ని ఇనుప బోనులో పెట్టి రాజమండ్రిలో జనం చూసేలా ఉంచారు. దాన్ని జనం 'సుబ్బారెడ్డి సంచి' అన్నారు.

నేను పదో తరగతి దాకా బుట్టాయగూడెం సెంటర్లోనే బస్సు దిగేవాణ్ణి. అక్కడ ఒక మనిషిని ఇందుకోసం ఉరితీశారని ఏ క్లాసులోనూ వినలేదు. సాంఘికశాస్త్రంలో ఝాన్సీ వచ్చింది, మీరట్ వచ్చింది. మా ఊరికి బస్సు దూరంలో ఉన్నది రాలేదు. ఆ వాంగ్మూలం కూడా ఉరితీసినవాళ్లు రాసుకున్న కాగితమే. ఆయన సొంత నోటితో ఏమన్నాడో ఎవరు చెప్పగలరు?

సినిమాలో లాంటి మాటు మన మన్యంలో కూడా జరిగింది. 1922 ఆగస్టు 22 నుంచి మూడు రోజుల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద అల్లూరి సీతారామరాజు గారి దళం దాడి చేసింది. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాటులో మాటు వేసి స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారుల్ని కాల్చారు. ముందు నడిచిన మన దేశపు పోలీసుల్ని మాత్రం పోనిచ్చారు. సెంచూరియన్‌లో పిక్టులు ఎవరినీ వదలరు. మన వాళ్లు ఎవరిని కొట్టాలో, ఎవరిని వదలాలో చూసుకుని కొట్టారు. ఈ తేడా నాకు చాలా నచ్చింది.

ఆ ఇద్దరు అధికారుల పేర్లు ఇంటిపేర్లతో సహా దొరుకుతాయి. ఆ రోజు చెట్ల చాటున తుపాకీ పట్టుకున్న కోయ, బగత మనుషుల పేర్లు ఎన్ని చెప్పగలం? గంటందొర, మల్లుదొర అని ఆగిపోతాం. రాజుగారి మీద నాకు గౌరవం తక్కువై కాదు ఇది అనడం. 1974లో కృష్ణ గారి సినిమా వచ్చినా, 2022లో 'ఆర్.ఆర్.ఆర్.' వచ్చినా చప్పట్లు కొట్టినవాళ్లలో మన వాళ్లూ ఉన్నారు. కానీ గాం మల్లుదొర అండమాన్ జైలుకి పోయొచ్చి, 1952లో పార్లమెంటుకి గెలిచాడు. ఆ మనిషి మీద ఒక సినిమా ఎందుకు రాలేదు?

ఇంకో మాట చెప్పి ఆపేస్తాను. సుబ్బారెడ్డి ఊరు కోరుటూరు పోలవరం ముంపు ఊళ్లలో ఒకటి. ఊరివాళ్లు తలో దిక్కూ కాలనీలకి వెళ్తే, ఏ చెట్టు కింద ఏం జరిగిందో చూపించేవాళ్లు ఉండరు. కథ చెప్పే తాతకి చూపించడానికి జాగా ఉండాలి. జాగా నీళ్లలోకి పోతే మిగిలేది కాగితమే, ఆ కాగితం ఇప్పటిదాకా ఎవరి చేతిలో ఉందో మీకు తెలుసు.

తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన మా క్లాస్‌మేట్ ఒకడు మొదటి రోజు నన్ను, "మీ ఏజెన్సీలో ఏముంటుందిరా, అడవేగా" అన్నాడు. ఆ రోజు నవ్వేసి ఊరుకున్నాను. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేకపోయింది. ఇప్పుడు ఉంది.

సంక్రాంతి సెలవులకి ఇంటికెళ్లినప్పుడు మా తాతని కూర్చోబెట్టి ఫోన్‌లో రికార్డు చేస్తున్నాను. ఆయన కోయలో చెప్పింది కోయలోనే ఉంచుతాను, పక్కన తెలుగులో రాస్తాను. మీరూ మీ ఊళ్లో పెద్దవాళ్లని అడగండి. ఊరి పేరు, మనిషి పేరు, ఎవరు చెప్పారో, ఏ తేదీన చెప్పారో తప్పకుండా రాయండి. చెప్పింది గొప్ప యుద్ధమే కానక్కర్లేదు. పన్ను కట్టనన్నందుకు దెబ్బలు తిన్న ముత్తాత కథైనా చాలు.