పాత ఉక్కు సైకిలు: గొట్టము, మర, పోటుముల్లు

ఇంగ్లండులోని బర్మింగుహామున మేకులు చేయు కుటుంబమువాడైన ఆల్ఫ్రెడ్ రెనాల్డ్స్ 1897లో ఒక క్రొత్త సైకిలు గొట్టమునకు పేటెంటు పొందెను. అతుకుపడు కొసలయందు దళసరి, నడుమ పలుచన. బలము చెడక బరువు తగ్గెను. 1935లో మాంగనీసు, మాలిబ్డినము కలిసిన ‘531’ ఉక్కు గొట్టము వెలువడి పందెపు సైకిళ్లకు పేరు తెచ్చెను.

ఆ పలుచదనమే నేడు వాటిని పునరుద్ధరించువారికి పరీక్ష. పైరంగు నిగనిగలాడుచున్నను, సీటుకాడ ఊడదీసి చూచినగాని లోపలి తుప్పు బయటపడదు.

అంతకు మించిన చిక్కు మరలది. పెడలు ఇరుసు గూటికి ఆంగ్ల వాడుకలో అంగుళమునకు 24 చుట్లు. నాటింగుహాములోని రాలీవారు తమ సైకిళ్లలో పెక్కింటికి 26 పెట్టిరి. వ్యాసము ఇంచుమించు ఒక్కటే గనుక వేరు గిన్నె తొలుత ఎక్కినట్లే ఎక్కి, పిదప బిగిసిపోవును. బలవంతపెట్టినచో గూడే చెడును. పైగా కుడివైపు గిన్నెకు ఎడమ మర! తెలియక తిప్పి, విప్పబోయి బిగించినవారెందరో.

చక్రముల తేడా తేలిక. 27 అంగుళముల చక్రమునకు బదులు 700సి చక్రము వేసినచో బ్రేకు దిమ్మలను 4 మిల్లీమీటర్లు క్రిందికి దింపవలయును.

ట్రాకు సైకిలుకు బ్రేకులే లేవు. ముందరి పోటుముల్లునకు పెక్కింట రంధ్రమైనను ఉండదు. రోడ్డుపై తొక్కదలచినవారు అక్కడ బెజ్జము తొలిచిరి. ప్రాణరక్షణకు బ్రేకు తప్పదు, నిజమే. కాని తొలిచిన ఉక్కు మరల మొదటిదికాదు. రంధ్రమున్న వేరొక పోటుముల్లు తగిలించి, అసలుదానిని నూనె రాసి భద్రపరచుట మేలు.