354 రోజుల సంవత్సరం

డిసెంబర్ 24 వచ్చిందంటే మా ఆఫీసులో సగం కుర్చీలు ఖాళీ. అమెరికాలో క్లయింట్లు క్రిస్మస్ సెలవుల్లోకి వెళ్ళిపోతారు, ఇక్కడ మనకి కోడ్ ఫ్రీజ్. మిగిలిన సెలవులు ఆ వారంలో వాడుకోకపోతే మురిగిపోతాయి. మీలో చాలామందికి ఇదంతా తెలిసిందే. 2025లో నేనూ అందరిలాగే బ్యాగు సర్దుకుని తెనాలి దగ్గర మా ఊరు చేరాను. కాకపోతే ఈసారి వెళ్ళింది పండక్కి కాదు, తాతయ్య సంవత్సరీకానికి.

తాతయ్య పోయింది 2025 జనవరి 10 తెల్లవారుజామున. ఆ రోజు ముక్కోటి ఏకాదశి. "పుణ్యాత్ముడు, ఉత్తర ద్వారం తెరిచే వేళకి వెళ్ళాడు" అన్నారు ఊళ్ళో వాళ్ళు. నా బుర్రలో మాత్రం వేరే లెక్క తిరుగుతూ ఉండిపోయింది. అంతకు ముందు డిసెంబర్లో కూడా నాకు ఇవే సెలవులు ఉన్నాయి. వస్తున్నావా అని తాతయ్య ఫోన్లో అడిగాడు కూడా. "ఇప్పుడొచ్చి ఏం చేస్తాను తాతయ్యా, సంక్రాంతికి వస్తాగా, సెలవులు దానికి దాచుకుంటున్నా" అన్నాను. సంక్రాంతికి నాలుగు రోజుల ముందు ఆయన వెళ్ళిపోయాడు. నేను ఊరు చేరేసరికి అంతా అయిపోయింది.

ఏడాది తిరిగొచ్చింది కదా అని పద్ధతిగా 2026 జనవరి 10కి సెలవు పెట్టి, ఆ ముక్క గొప్పగా అమ్మకి ఫోన్ చేసి చెప్పాను. "జనవరి పదేంట్రా? తేదీ కాదు, తిథి చూడాలి. మావయ్యగారిది పుష్య శుద్ధ ఏకాదశి. డిసెంబర్ 30నే వస్తోంది" అంది. ఆ రోజు ఆన్‌కాల్ డ్యూటీ నాది! పక్క సీట్లో మిత్రుడు పుణ్యం కట్టుకుని మార్చుకున్నాడు.

తర్వాత కూర్చుని లెక్కేశాను. జనవరి 10 నుంచి డిసెంబర్ 30కి సరిగ్గా 354 రోజులు. ఇరవై తొమ్మిదిన్నర రోజుల చాంద్రమాసాలు పన్నెండు. సూర్యుడి లెక్కకి పదకొండు రోజులు తక్కువ. ఆ లోటు పేరుకుపోయినప్పుడల్లా ఒక అధిక మాసం వేసి సర్దుతారు. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి ఆ తరవాతి పుష్య శుద్ధ ఏకాదశి 2027 జనవరిలోకి పోయింది. అంటే ఆ తిథి 2025లో రెండుసార్లు వచ్చింది, 2026 క్యాలెండర్లో అసలు లేదు! డేటాబేసులో పుట్టినరోజులు, పెళ్ళిరోజులు దాచే మనలాంటి వాళ్ళకి ఇది మింగుడు పడే విషయం కాదు.

సంవత్సరీకానికి రెండు రోజుల ముందు నాన్నా నేనూ తాతయ్య ట్రంకుపెట్టె తెరిచాం. అడుగున శిస్తు రసీదులు, దారంతో కట్టినవి. ఒకదాని మీద ఫసలీ 1372 అని ఉంది. పద్నాలుగో శతాబ్దం రసీదు మా ఇంట్లో ఎందుకుంటుంది అని ఒక్క క్షణం తెల్లబోయాను. ఫసలీ అంటే పంటల సంవత్సరం, మొగలుల కాలం నుంచి వస్తున్న రెవెన్యూ లెక్క. మన వైపు జులై 1న మొదలవుతుంది. 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం. అంటే ఆ రసీదు 1962-63 నాటిది. తాతయ్యకి ఏడాది అంటే అదే. నారుమడితో మొదలు, నూర్పిళ్ళు అయ్యి శిస్తు కట్టడంతో ఆఖరు. నాన్న సహకార బ్యాంకులో చేశారు, ఆయనకి ఏడాది అయ్యేది మార్చి 31న. అమ్మకి ఉగాది. నాకు డిసెంబర్ 31, అప్రైజల్ ఫారంతో సహా. ఒకే ఇంట్లో నాలుగు సంవత్సరాలు.

వీటిలో జనవరి 1 ఎక్కణ్ణించి ఊడిపడింది? రోమన్ల పాత సంవత్సరం మార్చిలో మొదలయ్యేది. సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్, డిసెంబర్ అన్న పేర్లకి ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది అని అర్థం. (సప్త, అష్ట, నవ, దశ గుర్తొస్తున్నాయా? సంస్కృతం, లాటిన్ దాయాది భాషలు మరి.) క్రీ.పూ. 153లో స్పెయిన్‌లో యుద్ధం వచ్చిపడింది. కొత్త కాన్సుల్‌లు మార్చి దాకా ఆగకుండా త్వరగా పదవిలోకి వచ్చి సైన్యంతో బయల్దేరాలని, జనవరి 1నే పగ్గాలు ఇచ్చేశారు. అదే స్థిరపడింది. అంటే మనం ఘనంగా చేసుకునే జనవరి 1 పుట్టుకలో ఒక జాయినింగ్ డేట్ అన్నమాట :)

ఆ తర్వాత జూలియస్ సీజర్ క్యాలెండర్ని సరిచేశాడు. గాడిలో పెట్టడానికి క్రీ.పూ. 46వ సంవత్సరాన్ని 445 రోజులకి సాగదీయాల్సి వచ్చింది. ఆయన లెక్కలో ఏడాదికి 365.25 రోజులు, అసలుకన్నా పదకొండు నిమిషాలు ఎక్కువ. ఆ నిమిషాలే పోగుపడి రోజులయ్యాయి. 1582లో పోప్ పదమూడో గ్రెగరీ పది రోజులు కొట్టేశాడు. అక్టోబర్ 4 తర్వాత ఏకంగా 15. బ్రిటన్ మాత్రం 170 ఏళ్ళు మొండికేసింది. పైగా ఇంగ్లండులో చట్టప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది. 1751లో చట్టం చేసి రెండూ మార్చారు. ఆ ఏడాది మార్చి 25న మొదలై డిసెంబర్ 31తో ముగిసిపోయింది, మొత్తం 282 రోజులే. 1752లో సెప్టెంబర్ 2 తర్వాత 14 వచ్చింది. నమ్మకం లేకపోతే యూనిక్స్ మెషీన్ మీద క్యాల్ 9 1752 అని కొట్టి చూడండి, పదకొండు రోజులు మాయం. ఆ చట్టం ఆసియాలోని బ్రిటిష్ ఏలుబడికీ వర్తించింది. జనవరి 1 మన దేశంలో కచేరీల్లోకి, తర్వాత బళ్ళలోకి వచ్చింది ఆ దారినే. నాన్న గారి మార్చి ఎండింగు కూడా అంతే. బ్రిటన్ ప్రభుత్వ లెక్కలతో కలవాలని 1867లో ఇక్కడి ఆర్థిక సంవత్సరాన్ని ఏప్రిల్ 1కి మార్చారు.

స్వతంత్రం వచ్చాక మనవాళ్ళూ ఒక ప్రయత్నం చేశారు. 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన వేసిన సంఘం చూస్తే దేశంలో ముప్ఫై రకాల పంచాంగాలు తేలాయి. అన్నింటికీ కలిపి 1957 మార్చి 22న జాతీయ క్యాలెండర్ మొదలైంది, శక సంవత్సరం 1879 చైత్రం 1. గెజిట్లో ఉంటుంది, ఆకాశవాణి చెబుతుంది. ఆ తేదీ చూసి సెలవు పెట్టినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు.

పోనీ ఆకాశాన్ని నమ్ముదామా అంటే అదీ కదులుతోంది. సూర్యుడు ఉత్తరానికి మళ్ళేది డిసెంబర్ 21-22న. మనం ఉత్తరాయణ పుణ్యకాలం అనుకునే సంక్రాంతి జనవరి 14-15కి వస్తోంది. పదిహేడు వందల ఏళ్ళ కిందట ఈ రెండూ దాదాపు ఒకే రోజున పడేవి. భూమి అక్షం మెల్లగా తిరగడం వల్ల సుమారు 72 ఏళ్ళకి ఒక రోజు చొప్పున సంక్రాంతి వెనక్కి జరుగుతోంది. వివేకానందుడు సంక్రాంతి నాడు పుట్టాడు, తేదీ చూస్తే 1863 జనవరి 12.

ఇక మనం. 1999 ముందు మనవాళ్ళు విమానాలెక్కి అమెరికా వెళ్ళడానికి పెద్ద కారణం ఏంటి? ఎప్పుడో ఎవరో సంవత్సరాన్ని రెండంకెల్లో రాసిపెట్టడం. మన అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల భాగ్యం కూడా కొంత క్యాలెండర్ బగ్గు పెట్టిన భిక్షే.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, సెలవుల్లో అప్రైజల్ ఫారం నింపుతూ ఈ ఏడాది ఏం సాధించారు అన్న గడి దగ్గర ఆగిపోయాను. ఏ ఏడాది? యుద్ధానికి తొందరపడ్డ కాన్సుల్‌లదా, శిస్తు వసూలు చేసే వాళ్ళదా, చంద్రుడిదా? ఒక్కటి మాత్రం అర్థమైంది. సంక్రాంతికి వస్తాలే అన్నప్పుడు ఆ తేదీని ఏదో శిలాశాసనం అనుకున్నాను. తేదీలన్నీ మనుషులు తమ అవసరం కొద్దీ జరుపుకున్నవే. ఆ డిసెంబర్లో నా ప్రయాణాన్ని రెండు వారాలు ముందుకి జరుపుకోలేకపోయింది నేనే.

డిసెంబర్ 30న సంవత్సరీకం అయింది. ఏడాదిగా ఇంట్లో పండగ లేదు. ధనుర్మాసం వచ్చినా మా గుమ్మం ముందు గొబ్బెమ్మలు పెట్టలేదు. జనవరి 1 పొద్దున్నే లేచి చూస్తే అమ్మ కళ్ళాపి చల్లి పెద్ద ముగ్గు వేస్తోంది. మధ్యలో రంగులతో హ్యాపీ న్యూ ఇయర్ 2026. "ఇది మన సంవత్సరాది కాదుగా అమ్మా" అన్నాను. "ఏదైతేనేం రా, ఆ పసుపు రంగు ఇలా అందుకో" అంది.

అందుకున్నాను. ఆ పూట ఇంటికి పెద్దవాళ్ళు ఎదురుచూసే ఫోన్లు మీలో ఎంతమంది చేశారో తెలియదు గానీ, సెలవులు మాత్రం దాచుకోకండి.