పద్దుల పుస్తకంలో మారుతి కారు

కార్ల చరిత్ర రాసేవాళ్ళు కంపెనీల గురించి రాస్తారు, ఇంజన్ల గురించి రాస్తారు, మొదటి కారు తాళాలు ఎవరు ఎవరి చేతికిచ్చారో రాస్తారు. కొన్నాక ఆ కారు ఇరవై ఏళ్ళు ఎలా బతికింది, దాన్ని ఎవరు కనిపెట్టుకుని ఉన్నారు అన్నది మాత్రం ఎవరికీ పట్టదు. నాకు ఆ రెండో కథే ఇష్టం. అది మన ఇళ్ళల్లో జరిగింది కాబట్టి.

1983కి ముందు మధ్యతరగతి వాళ్ళకి కారంటే అంబాసిడర్, లేకపోతే ఫియట్. అంబాసిడర్ గేరు స్టీరింగ్ పక్కన కడ్డీలా ఉండేది. క్లచ్ తొక్కాలంటే కాలి పిక్క పట్టేసేది. ముందు చక్రాల దగ్గర కీళ్ళకి ఎప్పటికప్పుడు గ్రీజు కొట్టించాలి. ఎండాకాలం దారిలో ఆగిపోతే పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేసి చల్లారేదాకా చెట్టుకింద కూర్చోవాలి. బ్యాటరీ నీరసించిందంటే ముందునుంచి ఇనప హ్యాండిల్ పెట్టి తిప్పాలి, అది వెనక్కి తన్నిందంటే మణికట్టు గల్లంతే. అందుకే కారున్న ఇంట్లో డ్రైవరు ఉండేవాడు, డ్రైవరంటే సగం మెకానిక్కు. ఆడవాళ్ళ చోటు వెనకసీటు.

1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ మొదటి మారుతి 800 తాళాలు ఒక ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఉద్యోగికి అందించారు. ధర యాభై వేల లోపు. పదివేలు కట్టి బుక్ చేసుకోమంటే రెండు నెలల్లో లక్షమందికి పైగా కట్టారు. 796 సీసీ ఇంజన్, మూడే సిలిండర్లు, చిన్న పన్నెండంగుళాల చక్రాలు. బరువు అంబాసిడర్ బరువులో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. 1986లో మనందరికీ తెలిసిన ఆకారం వచ్చింది.

ఆ "బరువు" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగండి. స్టెప్నీని ఓ ఆడమనిషి డిక్కీలోంచి తీసి దొర్లించుకుంటూ రాగలదు. చక్రానికి నాలుగే నట్లు. బోనెట్ ఒక చేత్తో లేస్తుంది, ఆనించడానికి లోపల సన్నటి కడ్డీ ఉంటుంది. ఎత్తగానే ప్లగ్గులు, బ్యాటరీ, ఆయిలు చూసే పుల్ల, నీళ్ళ డబ్బా అన్నీ ఎదురుగా కనిపిస్తాయి, వంటింటి అలమర తెరిచినట్టు. మనల్ని దృష్టిలో పెట్టుకుని చేశారని నేననను. జపాన్‌లో ఇరుకు వీధుల కోసం చేసిన కారది. కానీ ఆ చిన్నతనం మనకి కలిసొచ్చింది.

మా మామగారు 1997లో తెల్ల మారుతి కొన్నారు, కార్బురేటర్ బండి. మా అత్తయ్య ఒక్కసారి కూడా స్టీరింగ్ పట్టుకోలేదు. అయినా ఆవిడ పద్దుల పుస్తకాలు తిరగేస్తుంటే పాలు, చాకలి, కందిపప్పు మధ్యలో "కారు ప్లగ్గులు మూడు", "ఫ్యాన్ బెల్టు", "డిస్టిల్డ్ వాటర్" అని కనిపిస్తాయి. ఆయిలు మార్చిన ప్రతిసారీ పక్కన మీటర్ అంకె రాసి, దానికి అయిదు వేలు కలిపి ఆ అంకె కింద గీత గీసేది. ఆ గీత దగ్గరికి మీటర్ వస్తుంటే మామగారికి గుర్తుచేసేది ఆవిడే. బ్యాటరీ కొనల మీద తెల్లగా, పచ్చగా బూజులాంటిది పేరుకుంటే వేణ్ణీళ్ళలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో రుద్దింది కూడా ఆవిడే. ఆరాక వాజలిన్ రాసేది. వీధిలో అందరూ "రావుగారు కారుని భలే మెయింటెయిన్ చేస్తారండీ" అనేవాళ్ళు.

ఆ కార్బురేటర్ రోజుల్లో ఇంట్లో చేసుకోగలిగిన పని చాలా ఉండేది. పొద్దున్నే చలికి స్టార్ట్ కాకపోతే డాష్‌బోర్డు మీది చోక్ లాగాలి, వేడెక్కగానే మర్చిపోకుండా లోపలికి తొయ్యాలి. లేదంటే పెట్రోలు దండగ, పైగా ప్లగ్గులకి మసి. వానాకాలం ఇంకో తంటా. డిస్ట్రిబ్యూటర్ మూతకి, ప్లగ్గు వైర్లకి తేమ పట్టిందంటే సెల్ఫ్ తిరుగుతుంది గానీ ఇంజన్ అందుకోదు. మూత తీసి పొడిగుడ్డతో లోపలా బయటా తుడిస్తే చాలు. మెకానిక్కుని పిలిస్తే అతను చేసేదీ అదే, ఆటోఖర్చు అదనం.

ప్లగ్గుల సంగతి నాకు మరీ ఇష్టం. ఇంజన్ బాగా చల్లారాక ఒక్కొక్క వైరునీ రబ్బరు తొడుగు దగ్గర పట్టుకుని లాగి, ప్లగ్గు పానాతో విప్పాలి. ఏ వైరు ఏ ప్లగ్గుదో తారుమారు కాకూడదు, అందుకని ఒకటి బిగించాకే రెండోది విప్పడం నా పద్ధతి. కొనకి లేత ఇటికరంగు ఉంటే ఇంజన్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది, లేదా గాలి ఫిల్టర్ మూసుకుపోయింది. తడిగా జిడ్డుంటే ఆయిలు పైకొస్తోంది, అది పెద్ద వైద్యం. డాక్టరు నాలుక చాపమని చూస్తారే, అలాగన్నమాట. మూడు సిలిండర్ల బండి కాబట్టి ఒక్క ప్లగ్గు మానేసినా కారు మొత్తం జ్వరమొచ్చినట్టు వణుకుతుంది. మళ్ళీ బిగించేటప్పుడు మొదట వేళ్ళతోనే తిప్పాలి. మర కరెక్టుగా పడిందని తెలిశాకే పానా.

ఆడవాళ్ళకి ఇవన్నీ ఎందుకు అనేవాళ్ళకి నేను జర్మనీ కథ చెబుతాను. కారు కనిపెట్టిన కార్ల్ బెంజ్ భార్య బెర్తా 1888 ఆగస్టులో భర్తకి చెప్పకుండా ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌లో ఉన్న పుట్టింటికి బయల్దేరింది. వంద కిలోమీటర్ల పైన. ప్రపంచంలో కారులో అంత దూరం వెళ్ళడం అదే మొదలు. ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీకి పెట్టుకునే పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. వైరు ఒరుసుకుపోతే మేజోడు పట్టీ చుట్టింది. బ్రేకు చెక్కలు అరిగిపోతే దారిలో చెప్పులు కుట్టేవాడి చేత తోలు కొట్టించింది. అప్పటికి పెట్రోలు బంకులు ఎక్కడివి, మందుల షాపులో ద్రావకం కొని పోసుకుంది. అంటే దూరప్రయాణంలో కారుకి మొదటి మెకానిక్కు పుట్టింటికి వెళ్తున్న ఒక ఇల్లాలు!

మన దగ్గర ఆ విద్య మగవాళ్ళ చోటుకి వెళ్ళిపోయింది. విజయవాడ ఆటోనగర్ అంటే దక్షిణాదిలో తెలియని లారీవాళ్ళు ఉండరు. సికింద్రాబాద్ రాణీగంజ్‌లో దొరకని స్పేర్ పార్టు లేదంటారు. ఈ రెండు చోట్లా నేను తిరిగాను, కౌంటర్ ముందు నిలబడ్డ ఆడవాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఒకసారి ఓ షెడ్డులో కారు వణుకుతోందని చెబితే, ఆ మెకానిక్కు నా మొహం చూడకుండా "సార్‌ని పంపండి మేడం, ఆయనకి చెబుతాం" అన్నాడు. సార్‌కి ఆయిలు పుల్ల ఎక్కడుందో తెలీదు. "మూడో ప్లగ్గు తడిగా వస్తోంది, మిగతా రెండూ బాగున్నాయి" అన్నాను. అప్పుడు తల తిప్పి చూశాడు. బిల్లులో అనవసరమైన కార్బురేటర్ సర్వీసింగ్ ఒకటి తగ్గింది. నాకు కావలసింది గౌరవం కాదులెండి, ఆ తగ్గిన డబ్బే.

2000 ప్రాంతంలో కథ మలుపు తిరిగింది. పొగ నిబంధనలు బిగిసేసరికి కార్బురేటర్ పోయి ఎంపీఎఫ్ఐ వచ్చింది. పెట్రోలు ఎంత పొయ్యాలో కంప్యూటర్ చూసుకుంటుంది. చోక్ లాగే పని లేదు, పొద్దున్నే చక్కగా స్టార్ట్. ఊపిరితిత్తులకి మంచిదే, నేను కాదనను. కానీ తేడా వస్తే ఓ చిన్న లైటు వెలుగుతుంది, ఆ లైటు భాష చదవడానికి మిషను కావాలి, మిషను సర్వీసు సెంటర్లో ఉంటుంది. బోనెట్ ఎత్తడం నేర్చుకుంటున్న ఆడవాళ్ళకి సరిగ్గా ఆ సమయానికి మూతపడినట్టయింది. 2010 ఏప్రిల్‌లో బీఎస్-4 నిబంధనలు వచ్చి హైదరాబాద్‌తో సహా పదమూడు నగరాల్లో కొత్త 800 అమ్మకం ఆగిపోయింది. 2014 జనవరిలో తయారీ కూడా ఆపేశారు.

ఎంపీఎఫ్ఐ బండి ఉన్నవాళ్ళు నిరుత్సాహపడక్కర్లేదు. గాలి ఫిల్టర్, బ్యాటరీ కొనలు, వైపర్ రబ్బర్లు, బల్బులు, టైర్లలో గాలి, ఆయిలు మట్టం ఇప్పటికీ మన చేతిలోవే. రెండు పనులు మాత్రం నేనెప్పుడూ చెయ్యను. బ్రేకులు విప్పను. జాకీ ఒక్కటే ఆధారంగా ఉన్న కారు కిందికి దూరను, ఎవర్నీ దూరనివ్వను. ఇంకొకటి, ఇంజన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత ముట్టుకోకండి. కుక్కర్ ఈల వేస్తుంటే మూత తీస్తామా?

సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ళు. ఆ తర్వాత అయిదేళ్ళకోసారి కారు చూపించి రెన్యువల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్‌లో ఆ ఫీజు 600 నుంచి 5,000 చేశారు. మా కారు వంతు సరిగ్గా ఆ జూన్‌లోనే వచ్చింది. "పాత ఇనుముకి అయిదు వేలా అమ్మా" అన్నాడు మావాడు. కట్టాం. అత్తయ్య లేరు గనక పద్దు నేనే రాశాను, పక్కన మీటర్ అంకె కూడా. మళ్ళీ 2027లో వెళ్ళాలి. అప్పటికి లైట్లు, హారన్, వైపర్లు, సీటుబెల్టులు అన్నీ సరిగ్గా ఉండాలి. ప్రస్తుతానికి వెనక ఎడమవైపు ఇండికేటర్ బల్బు పోయింది. కొత్తది తెచ్చి పెట్టాను, వాన తగ్గితే మార్చాలి.