యాసిడ్ హౌస్ చరిత్రలో ‘తొలి’ అనే మాట: ‘న్యూబిల్డ్’ ఆల్బమ్ – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
యాసిడ్ హౌస్ 1980ల ద్వితీయార్ధంలో అమెరికాలోని షికాగోలో రూపుదిద్దుకొని ఇంగ్లండులో విస్తరించిన ఎలక్ట్రానిక్ నృత్యసంగీత శాఖ. ఇంగ్లండులో వెలువడిన ఈ శాఖ ఆల్బమ్‌లలో 808 స్టేట్ బృందం 1988లో విడుదల చేసిన ‘న్యూబిల్డ్’ ప్రశస్తమైనది. దానికి ఆరేళ్ళ ముందే బొంబాయిలో చరణ్‌జిత్ సింగ్ ఇటువంటి ధ్వనితోనే ఒక ఆల్బమ్ రికార్డు చేశారు. ఈ రెండింటినీ పోల్చి, కాలక్రమంలో ముందుండటానికీ ఒక సంప్రదాయానికి మూలం కావడానికీ గల భేదాన్ని వివరించడం ఈ వ్యాసం లక్ష్యం.

కీలకపదాలు: యాసిడ్ హౌస్, న్యూబిల్డ్, 808 స్టేట్, చరణ్‌జిత్ సింగ్, టీబీ-303.

1. ఉపోద్ఘాతం:
చరణ్‌జిత్ సింగ్ ఆల్బమ్ 2010లో పునర్ముద్రణ పొందిన తరువాత యాసిడ్ హౌస్ పుట్టిల్లు భారతదేశమేనన్న వాదం బలపడింది. ఆ వాదంలో తేదీలు సరైనవే. అయితే తేదీలు సరైనంత మాత్రాన నిర్ధారణ సరైనదవుతుందా అన్నది విచారించవలసిన అంశం.

2. యంత్రం – వినియోగం:
ఈ చరిత్రకు కేంద్రం జపానుకు చెందిన రోలాండ్ సంస్థ తయారుచేసిన టీబీ-303. తోడు వాద్యకారులు లేని గిటారిస్టులకు బేస్ గిటారు సహకారం అందించడానికి దీనిని ఉద్దేశించారు. గిటారు ధ్వనిని ఇది సరిగా అనుకరించలేకపోయింది. 1984 నాటికి తయారీ నిలిచిపోయి, పాత సామాన్ల దుకాణాలలో చవకగా దొరకసాగింది. షికాగోకు చెందిన ఫ్యూచర్ బృందం దాని ఫిల్టర్ మీటలను వాయిస్తూనే తిప్పి, సాగుతూ ముడుచుకుంటూ వినిపించే ఒక వింత నాదాన్ని రాబట్టింది. వారి ‘యాసిడ్ ట్రాక్స్’ 1987లో రికార్డుగా వెలువడింది. అంతకుముందే మ్యూజిక్ బాక్స్ క్లబ్బులో డీజే రాన్ హార్డీ దానిని టేపు నుంచి వినిపించి శ్రోతలను అలవాటు చేశాడు. అనుకరణలో విఫలమైన యంత్రమే కొత్త నాదానికి ఆధారమైంది.

3. ‘న్యూబిల్డ్’:
మాంచెస్టర్‌కు చెందిన 808 స్టేట్ తన పేరును రోలాండ్ వారి టీఆర్-808 డ్రమ్ మెషిన్ నుంచి గ్రహించింది. గ్రాహమ్ మాసీ, మార్టిన్ ప్రైస్, జెరాల్డ్ సింప్సన్ ఈ ఆల్బమ్ నిర్మాతలు. ప్రైస్‌కు ఈస్టర్న్ బ్లాక్ అనే రికార్డుల దుకాణంతో సంబంధం ఉంది. అమెరికా నుంచి వచ్చే రికార్డులు, వాటిని వెతుక్కుంటూ వచ్చే యువకులు, స్థానిక వాద్యకారులు కలిసే చోటు అటువంటి దుకాణమే. అదే నగరంలో హసియెండా క్లబ్బు షికాగో సంగీతానికి నృత్యవేదికైంది. ‘న్యూబిల్డ్’ను ప్రైస్ తన క్రీడ్ లేబుల్‌పైనే విడుదల చేశాడు. ‘ఫ్లో కోమా’ వంటి రచనలలో పాడుకోదగిన రాగమంటూ ఉండదు. 303 నాదంలో క్షణక్షణం కలిగే మార్పే అక్కడ కథావస్తువు. ఆ ఏడాదే సింప్సన్ విడిగా ‘వూడూ రే’ విడుదల చేసి, త్వరలోనే బృందాన్ని వీడాడు. తరువాతి తరం కళాకారుడు ఎఫెక్స్ ట్విన్‌కు చెందిన రెఫ్లెక్స్ లేబుల్ 1999లో ఈ ఆల్బమ్‌ను మళ్ళీ వెలువరించడం దాని ప్రభావానికి నిదర్శనం.

4. బొంబాయి ప్రయోగం:
చరణ్‌జిత్ సింగ్ (1940–2015) హిందీ చలనచిత్ర వాద్యబృందాలలో పనిచేసిన వాద్యకారుడు. ‘కుర్బానీ’ (1980) తరువాత డిస్కో సినీసంగీతాన్ని ముంచెత్తిన కాలమది. టీబీ-303, టీఆర్-808, జూపిటర్-8 యంత్రాలతో ఆయన 1982లో పది హిందుస్థానీ రాగాలను డిస్కో లయకు కూర్చారు. వాటిలో భూపాలి, మాల్కౌంస్, యమన్ రాగాలు కర్ణాటక సంప్రదాయంలోని మోహనం, హిందోళం, కల్యాణి రాగాలకు దగ్గరివి. హెచ్ఎంవీ ద్వారా వచ్చిన ఆ ఆల్బమ్ అప్పట్లో ఆదరణకు నోచుకోలేదు. 2002లో ఎడో బౌమన్ అనే డచ్ సంగ్రాహకుడి కంటబడే వరకు అది మరుగునే ఉండిపోయింది.

5. తులనాత్మక పరిశీలన:
రెండు ఆల్బమ్‌ల సామ్యానికి కారణాలు స్పష్టమే. రాగసంగీతంలో పాశ్చాత్య పద్ధతిలోని స్వరసమ్మేళనాల మార్పు ఉండదు. ఆధారశ్రుతి మీద ఒకే స్వరసముదాయం విస్తరిస్తుంది. యాసిడ్ హౌస్ కూడా ఒకే స్వరబంధాన్ని ఆవర్తనం చేస్తుంది. స్వరం నుంచి స్వరానికి జారే సౌకర్యం 303లో ఉండటం వల్ల హిందుస్థానీ ‘మీండ్’ ఛాయ దానిలో పలుకుతుంది. భేదం మాత్రం మౌలికమైనది. సింగ్ రచనలో రాగం నాయకస్థానంలో ఉంది, 303 దానికి అనుచరి. ‘న్యూబిల్డ్’లో ఆ అనుచరియే నాయిక.

రెండవ భేదం సామాజికమైనది. సింగ్ వెనుక వృత్తినైపుణ్యం ఉంది, సంస్థ ఉంది. కానీ ఆ నాదానికి ఆడే క్లబ్బు, దానిని అందుకొని మరో అడుగు వేసే తోటి కళాకారులు లేరు. ‘న్యూబిల్డ్’కు దుకాణం, క్లబ్బు, బృందం మూడూ ఉన్నాయి. సింగ్ రికార్డును షికాగో యువకులు విన్నట్లు ఆధారం లేదు. కనుక దానిని మూలమనడం కంటే స్వతంత్రంగా జరిగిన సమాంతర ఆవిష్కరణ అనడం సముచితం. ఈ నిర్ణయం సింగ్ ప్రతిభను తగ్గించదు. పైగా, పాశ్చాత్య చరిత్రకు ముందుమాటగా కుదించకుండా, బొంబాయి వాద్యకారుల చరిత్రలో ఆయనకు చెందవలసిన స్థానాన్ని ఇస్తుంది.

6. ముగింపు:
యంత్రం ధ్వనిని ఇస్తుంది, సమాజం దానిని సంప్రదాయంగా మారుస్తుంది. ఈ సూత్రం తెలుగునాట సంగీత పరిశోధనకూ వర్తిస్తుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల పెళ్ళి ఊరేగింపులలో జానపద గీతాలు డీజే పాటలుగా మారి వినిపిస్తున్నాయి. వాటి చరిత్రను రాసేవారు తొలి రీమిక్స్ ఎవరిదన్న ప్రశ్నతో ఆగకూడదు. పాట కట్టినవారు, రికార్డు చేసిన స్టూడియో, సౌండ్ బాక్సులు అద్దెకిచ్చేవారు, వాటి ముందు ఆడేవారు అందరూ ఆ చరిత్రలో భాగస్వాములే. వారు బతికి ఉండగానే ఆ వివరాలను సేకరించడం పరిశోధకుల కర్తవ్యం.