కొవ్వాడ కేంద్రం – కాగితాల సంగతి

మన రణస్థలం మండలం కొవ్వాడలో అణువిద్యుత్ కేంద్రం వస్తుందన్న మాట విని పదిహేనేళ్లు దాటింది. భూములు, వేట, రేడియేషన్ గురించి ఎందరో మాట్లాడారు. నేను డ్రాయింగుల గురించి మనవి చేస్తాను.

విద్యుత్ శాఖలో పనిచేసిన మిత్రులకు ఈ బాధ తెలుసు. కేబుల్ ఒకచోట ఉంటుంది, డ్రాయింగులో మరోచోట ఉంటుంది. మార్చినాయన రిటైరై వెళ్లిపోయి ఉంటారు! అణుకేంద్రంలో ఇలా కుదరదు. డిజైన్ కోరినది, కాగితంలో ఉన్నది, అక్కడ బిగించినది ఎల్లప్పుడూ ఒక్కటిగా ఉండాలి. దీన్నే కాన్ఫిగరేషన్ మేనేజ్‌మెంట్ అంటారు.

ఉత్తరప్రదేశ్‌లోని నరోరాలో 1993 మార్చి 31 తెల్లవారుజామున టర్బైన్ బ్లేడ్లు విరిగి, హైడ్రోజన్ అంటుకుంది. విడివిడిగా పోవలసిన కేబుళ్లు ఒకే దారిన ఉండి కాలిపోయాయి. మొదటి యూనిట్‌కు సుమారు 17 గంటలు కరెంటు లేదు. సిబ్బంది టార్చిలైట్లతో పైకెక్కి బోరాన్ ద్రావణాన్ని చేత్తో వదిలారు. వారికి ఎన్ని నమస్కారాలు పెట్టినా తక్కువే. ఆ రకం బ్లేడ్ల డిజైన్ మార్చాలని మూల తయారీదారు నుంచి 1989లోనే కబురు వచ్చిందని అణుశక్తి నియంత్రణ మండలి మాజీ అధ్యక్షులు ఎ. గోపాలకృష్ణన్ తరువాత రాశారు. కబురు వచ్చింది, బ్లేడు మారలేదు.

అమెరికాలోని మిల్‌స్టోన్‌లో ప్రమాదమే జరగలేదు. ఇంధనం మార్చేటప్పుడు మొత్తం ఇంధనాన్ని ఒకేసారి నిల్వ కొలనులోకి దించుతున్నారనీ, లైసెన్సు పత్రాల్లో ఉన్నది అది కాదనీ జార్జ్ గలాటిస్ అనే ఇంజనీరు పట్టుకున్నారు. 1996 మార్చిలో టైమ్ పత్రిక ఆయన్ని ముఖచిత్రంగా వేసింది. ఆ ఏడు మూడు యూనిట్లూ ఆగి ఉన్నాయి. రెండు తిరిగి నడిచేసరికి 1998, 1999 వచ్చాయి. మొదటిది శాశ్వతంగా మూతపడింది. కాగితానికీ పనికీ పొత్తు కుదరనందుకు ఇంత!

ఇక మన కొవ్వాడ. 2009లో స్థలానికి సూత్రప్రాయ అనుమతి వచ్చింది. మొదట అనుకున్నవి జీఈ-హిటాచీ వారి రియాక్టర్లు. వాటిలో నీరు రియాక్టరులోనే మరుగుతుంది. 2016 నాటికి అవి పోయి, గుజరాత్‌లోని మీఠీ విర్దికి అనుకున్న వెస్టింగ్‌హౌస్ ఏపీ1000లు ఆరు మనకు వచ్చాయి. ఒక్కొక్కటి 1208 మెగావాట్లు. వీటి పద్ధతే వేరు, నీటిని మరగనీయక ఒత్తిడిలో ఉంచుతారు. 2017 మార్చిలో ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసి, మరుసటి ఏడు చేతులు మారింది. రియాక్టరు ఒక్కటీ లేవకముందే ఇన్ని మార్పులు!

ఏపీ1000 ఆయుష్షు 60 ఏళ్లుగా లెక్కించారు. అంటే కనీసం రెండు తరాల ఉద్యోగులు దాన్ని నడిపి పెన్షన్ పుచ్చుకుంటారు. కంపెనీ మళ్లీ చేతులు మారితే అసలు డ్రాయింగులు, లెక్కలు ఎవరి బీరువాలో ఉంటాయి? ఈ ప్రశ్న అడిగినవారు నాకింతవరకు ఏ సభలోనూ కనబడలేదు.