మంచుతెర – విమానపు దారి

"మంచు" అనే ఒక్క మాటతో తెలుగువాడు ఎన్ని పనులు జరుపుకొంటాడో! గడ్డిపరకపై నిలిచిన బిందువూ మంచే, హిమాలయ శిఖరాన పేరుకొన్నదీ మంచే, పుష్యమాసపు తెల్లవారుజామున ఊరిని కప్పివేసేదీ మంచే. అమరసింహుడు నీహారం, తుషారం, తుహినం, ప్రాలేయం అంటూ పేర్లు వరుసగా పేర్చాడే గాని వాటి నడుమ గీత గీయలేదు. ఆ పని వాతావరణ శాస్త్రజ్ఞులు చేశారు. వెయ్యి మీటర్ల లోపే చూపు ఆగిపోతే అది పొగమంచు. అంతకు మించి కనబడితే పలుచని మంచు. ముప్పై ఏళ్లు పిల్లలచేత పర్యాయపదాలు వల్లె వేయించిన నాకు, మీటర్లతో చేసిన ఈ అర్థనిర్ణయం ముచ్చట గొలిపింది.

గుంటూరు, ప్రకాశం సీమలవారికి ఈ గీత ఎదురయ్యే చోటు కృష్ణ ఆవలి గన్నవరం. విమానమెక్కాలన్నా దిగాలన్నా మనలో చాలామందికి అదే దగ్గర. ఆ నేల యాత్రికుల కోసం పుట్టినది కాదు. 1942 ఏప్రిల్ 6న జపానువారు విశాఖ, కాకినాడలపై బాంబులు వేశారు. ఆ యుద్ధకాలంలోనే గన్నవరం సైనిక స్థావరమయింది. ప్రకాశం జిల్లా పశ్చిమాన దొనకొండలో విమానాలు దిగి ఇంధనం నింపుకొనేందుకు మైదానం వెలసిందీ అప్పుడే. దొనకొండ తర్వాత పాడుపడింది. గన్నవరం నిలిచి, 2017లో అంతర్జాతీయ విమానాశ్రయమయింది.

విమానానికి చదునైన నేల కావాలి. డెల్టాను మించిన చదును ఎక్కడుంది? అయితే డెల్టా అంటే నీరు. ఆ నీరు ఎందుకు వచ్చిందో గుంటూరువారు మరువరాదు. నందన నామ సంవత్సరంలో, అంటే 1832-33లో, డొక్కల కరువు ఈ సీమను శ్మశానం చేసింది. తర్వాత కాటన్ దొర ప్రోత్సాహంతో, కెప్టెన్ ఆర్ పర్యవేక్షణలో 1852లో మొదలైన బెజవాడ ఆనకట్ట 1855 నాటికి పూర్తయింది. 1967లో నాగార్జునసాగర్ కుడి కాలువకు నీరు వదిలాక మెట్టపొలాలూ తడిశాయి. కాలువలు, తడిసిన మళ్లు, చెరువులు రాత్రంతా గాలికి తేమనిస్తాయి. మబ్బు లేని ఆకాశం, కదలని గాలి తోడైతే భూమి తన వేడిని పైకి వదిలి చల్లబడుతుంది; దానిని తాకిన గాలిలోని తేమ కంటికి కనబడే తెర అవుతుంది. చుక్కలు స్పష్టంగా మెరిసే రాత్రి కవికి పండుగ, వాతావరణ కార్యాలయంవారికి అనుమానం. అన్నం పెట్టిన నీరే విమానానికి కన్ను మూస్తున్నది.

కొన్నేళ్ల క్రిందట సంక్రాంతికి ముందు మా వీధిలో ఒక పెద్దాయన కాలం చేశారు. అమెరికాలోని కుమారుడు ఢిల్లీ మీదుగా ఉదయానికి గన్నవరం చేరవలసి ఉంది. పొద్దుగూకేలోగా దహనం జరగాలి. విమానం గన్నవరం మీద అరగంట తిరిగి హైదరాబాదుకు మళ్లింది. అక్కడినుండి అతడు కారులో మిర్యాలగూడ, పిడుగురాళ్ల మీదుగా వచ్చేసరికి సూర్యుడు వాలుతున్నాడు. పాడె దగ్గర కూర్చున్నవారిలో ఒకరు, "ఆ పైలట్ కాస్త ధైర్యం చేస్తే ఏం పోయేదండీ?" అన్నారు. నేను ఒప్పుకోలేదు.

ఎందుకంటే అది ధైర్యానికి సంబంధించిన విషయం కాదు. నేలనుండి వచ్చే రేడియో సంకేతాలను పట్టుకొని విమానం దిగుతుంది. సాధారణమైన మొదటి తరగతి వ్యవస్థలో సుమారు 200 అడుగుల ఎత్తుకు వచ్చేసరికి రన్‌వేగాని దాని దీపాలుగాని పైలట్ కంటపడాలి. రన్‌వేపై చూపు 550 మీటర్లకు తగ్గరాదు. కనబడకపోతే మళ్లీ పైకి లేవవలసిందే. ఢిల్లీ వంటి చోట 50 మీటర్ల చూపులోనూ దిగగల ఏర్పాటున్నది గాని, అందుకు నేలమీది పరికరం ఒక్కటే చాలదు. విమానంలోనూ ఉండాలి, పైలట్‌కు ప్రత్యేక శిక్షణ ఉండాలి. అందుకే బయలుదేరేముందే ప్రత్యామ్నాయ విమానాశ్రయం పేరు వ్రాసి, అక్కడికి సరిపడే ఇంధనమూ, ఆపైన మరో అరగంటకు సరిపోయేదీ నింపుకొంటారు. హైదరాబాదుకు మళ్లడం అప్పటికప్పుడు తోచిన తిప్పలు కాదు, ముందే వ్రాసుకొన్న దారి.

మంచును జయించాలని మనిషి ప్రయత్నించకపోలేదు. రెండవ ప్రపంచయుద్ధంలో ఇంగ్లండువారు రన్‌వేలకు ఇరుపక్కలా గొట్టాలు వేసి, వాటినుండి పెట్రోలు మండించి, ఆ వేడితో మంచును చెదరగొట్టారు. ఫిడో అని దానికి పేరు. 15 స్థావరాలలో ఆ ఏర్పాటు చేసి, దాదాపు 2,500 విమానాలను క్షేమంగా దించారు. ఖర్చు యుద్ధం భరించింది గనుక చెల్లింది, శాంతికాలంలో ఎవరు భరిస్తారు? మన భోగిమంటలది ఇందుకు విరుద్ధమైన కథ. టైర్లు, ప్లాస్టిక్కు వేసి రాజేస్తే ఆ పొగ మంచును పట్టుకొని మరింత చిక్కబరుస్తుంది. 2018 భోగినాడు చెన్నైలో విమానాలు మళ్లిపోయినది ఆ పొగవల్లనే. పాత పిడకల దండలకే తృప్తి పడిన మన పెద్దలు తెలిసో తెలియకో మేలు చేశారు.

ఇక కొరిశపాడు సంగతి. 16వ నంబరు జాతీయ రహదారిపై అక్కడ 4.1 కిలోమీటర్ల పొడవు, 33 మీటర్ల వెడల్పు గల సిమెంటు రన్‌వే కట్టారు. 2022 డిసెంబరు 29న వాయుసేనవారు తక్కువ ఎత్తున ఎగిరి చూశారు. 2024 మార్చి 18న ఏఎన్-32, డోర్నియర్ విమానాలు ఆ దారిపై దిగి మళ్లీ ఎగిరాయి. సుఖోయ్‌లు మాత్రం నేల తాకకుండా పైకి లేచాయి. గన్నవరంలో మంచు పడితే ఇక్కడ దించవచ్చు గదా అని మా ఊళ్లో అడిగేవారున్నారు. అది యుద్ధానికీ విపత్తుకూ కేటాయించినది. దిగేముందు రోడ్డు మీది రాకపోకలన్నీ ఆపాలి. పైగా గన్నవరాన్ని కప్పిన మంచు కొరిశపాడును విడిచిపెడుతుందని ఎవరు హామీ ఇస్తారు?

ఆ రహదారి మీదనే మాఘమాసపు తెల్లవారుజామున మిర్చి టిక్కీలు నింపిన లారీలు గుంటూరు యార్డుకు పోతుంటాయి. రాత్రి కల్లాలలో పట్టాలు కప్పి మంచునుండి కాచుకొన్న కాయ అది. ఎన్ని మీటర్లు కనబడితే నడపాలో ఆ లారీ డ్రైవరుకు చెప్పే గోపురం లేదు, మళ్లడానికి హైదరాబాదూ లేదు. ముందు బండి వెనుక దీపాన్ని చూస్తూ పోతాడు.